కే మీట

ఆదోనిలో పత్తి యార్డు గేటుకు ఎదురుగా నా అంగడి.
మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను.
కార్తీకం నుంచి శివరాత్రి దాకా
గాలి నిండా దూదే.
టీ గ్లాసు మీద, కనురెప్పల మీద,
కీబోర్డు సందుల్లోకి దిగి
ఒక్క కే మీటను పట్టేసింది.
గట్టిగా ఒత్తితే ఒకసారి పడేది,
నాలుగుసార్లు పడేది కాదు.
కొత్తది నాలుగొందలు.
కొనలేదు.

స్కాలర్‌షిప్పు ఫారంలో ఒక గడి ఉండేది.
ఖాళీగా వదిలితే ముందుకు పోనిచ్చేది కాదు.
"మెయిలంట, అదేందో నువ్వే పెట్టు నాయనా"
అని ఉరుకుందమ్మ
కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టింది.
బయట సుగ్గికి పోయే లారీ హారను కొడుతోంది,
గుంటూరు మిరప చేలకు.
గబగబా కొట్టినా.
కే పడలేదు. చూసుకోలేదు.

అట్లా నేను పుట్టించినవి రెండువేల మూడొందలు.
మరచిపోయి మళ్ళీ వస్తారు కదా అని
అన్నిటినీ ఒక పట్టీగా కంప్యూటర్లోనే దాచినా.
మంచికే.

ఒక మిట్టమధ్యాహ్నం
బళ్ళారి నుంచి వచ్చినానంటూ ఒకాయన,
చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చినాడు.
తలకు పావలా, అన్నాడు.
తలకు అనే అన్నాడు, గొర్రెల సంతలో మాదిరి.
"పాస్‌వర్డులు మాకొద్దప్పా, మేమేమన్నా దొంగలమా,
ఉత్తరాలు పంపేదానికి, అంతే."
ఐదొందల డెబ్భై ఐదు రూపాయలు.
ఆ దుడ్లతోనే
కొత్త కీబోర్డు కొన్నా.
మిగిలిన దాంట్లో ఉగ్గాని, బజ్జీ.

నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది.
చీరలంగడి లక్కీ డ్రా డబ్బాలో వేసిన చీటీ
యాడికి పోయిందో ఎవరడిగినారు?
"పదిమందికి పంపు, ఈరన్న సామి మేలు చేస్తాడు"
అని వచ్చే పటం నెత్తిన
అంతకుముందు పంపినోళ్ళ చిరునామాలన్నీ
పెండ్లి చదివింపుల పట్టీ మాదిరి వరసగా ఉంటాయి.
వాడు సామిని చూడడు, పట్టీని చూస్తాడు.
ఇంకొకడు మిషనుకు పేర్లు నేర్పి వదుల్తాడు,
నాగరాజు ఒకటి, నాగరాజు రెండు, నాగరాజు తొంభై తొమ్మిది,
చీకట్లో రాళ్ళు.
కుక్క మొరిగిందే ఇల్లు.
అడుగున "ఇక వద్దు" అని సన్నగా రాసుంటుంది.
దాన్ని ఒత్తితే
"ఇంట్లో ఎవరూ లేరు" అని
లోపల్నుంచి నువ్వే అరిచినట్టు.

ఇవన్నీ తెలిసినాక
రొంత తేలికపడిన మాట నిజమే.

మొన్న ఉరుకుందమ్మ వచ్చింది.
బిడ్డ వాడి వదిలేసిన ఫోను, అద్దం పగిలింది.
"ఇందులో ఎర్రగా అంకె నిలబడింది, చూడు నాయనా.
ఎవరో రాసినారు నాకు."
నాలుగువేల పైన.
తెరిచినా.
లాటరీ. లోను. మోకాళ్ళ నూనె.
లండన్‌లో ఎవడో సచ్చిపోతా
ఈమెకే వదిలిపోయిన బంగారు.
ప్రతి ఒక్కడూ పేరు పెట్టే పిలిచినాడు.
ఏ పేరులోనూ కే లేదు.

లోకం మొత్తంలో ఆ తప్పు
ఒక్క కీబోర్డుదే.

"ఏమని పిలిచినారు?" అంది.
ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నా:
ఉరు... ఉందమ్మ.
"ఊరుందమ్మా అనా?"
నోట్లో ఒకసారి తిప్పుకుని నవ్వింది.
"ఉందిలే. యాడికి పోతుంది.
ఏడాదికి ఐదు నెల్లు తాళాలేసి పోతాము గాని
ఊరుంది.
ఎవరో గాని, మంచోళ్ళు, అడిగినారు.
ఉందని రాయి నాయనా వాళ్ళకు."

కీబోర్డు మళ్ళీ పాతబడింది, కానీ
అన్ని మీటలూ పడుతున్నాయి.
ఏమేమో కొట్టినట్టు చప్పుడు చేసినా.

రాసినా, అన్నా.
రాయలేదు.

పోతా పోతా
ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టిపోయింది.